పుంలింగం లేని మాట

రుగాగమ సంధికి ఉదాహరణలుగా బడిలో వల్లెవేసిన పదాలు గుర్తున్నాయా? పేదరాలు, బాలెంతరాలు, గొడ్డురాలు. బాలింతా గొడ్రాలూ వ్యాకరణంలో ఒకే గణం. పేదరాలికి జోడుగా పేదవాడున్నాడు. గొడ్రాలికి జోడుగా వాడుకలో పుంలింగ పదం లేదు. బిడ్డలు లేని మగవాణ్ణి కించపరచదలచినవారు 'నపుంసకుడు' అంటారు. అది వేరే సంగతి. సంతానం లేని దంపతుల మనోవేదనలో కొంత ఈ మాటల దగ్గరే మొదలవుతుందని నాకనిపిస్తుంది.

పెళ్ళైన ఏడాదినుంచే ఆమెకు "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. మరికొన్నాళ్ళకు ప్రశ్నలు ఆగి, సీమంతాలకు పిలుపులు కూడా ఆగిపోతాయి. ఈ రెండవది మరీ బాధాకరం. ప్రతి నెలా ఒక ఆశ పుట్టి నెలసరితో పోతుంది. ఇంట్లో ఎవరైనా పోతే పరామర్శకు నలుగురు వస్తారు. ఈ దుఃఖానికి ఎవరూ రారు. 1993లో ఆలిస్ డోమర్ బృందం అమెరికాలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సంతానలేమికి చికిత్స పొందుతున్న స్త్రీలలో ఆందోళన, కుంగుబాటు క్యాన్సర్ రోగులలో కనిపించిన స్థాయిలోనే ఉన్నాయి. దీన్ని 'ఆడవాళ్ళ అతి' అని కొట్టిపారేసేవారు ఈ సంగతి గమనించాలి.

ఇక మగవాడు. దాదాపు సగం జంటల్లో, పూర్తిగానో పాక్షికంగానో, కారణం పురుషుడి వైపు ఉంటుంది. వీర్యపరీక్ష స్త్రీలకు చేసే పరీక్షలకన్నా ఎంతో తేలిక, చవక. అయినా మన ఇళ్ళలో మొదట ఆస్పత్రి మెట్లెక్కేది భార్యే. దశరథుడి కాలంలోనూ పాయసం తాగింది రాణులే కదా! భర్త వెనుకాడటానికి కారణం ఆ 'నపుంసకుడు' అన్న మాటే. దాంపత్య సుఖానికి ఏ లోటూ లేని మనిషికి కూడా వీర్యకణాలు తక్కువ ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. యౌవనంలో వచ్చిన గవదబిళ్ళలో, వృషణాల దగ్గర ఉబ్బిన సిరలో కారణం కావచ్చు. మగతనానికీ దీనికీ ముడిపెట్టిన సమాజంలో అతడు పరీక్షకు వెళ్ళడు. వెళ్ళినా ఫలితం బయటపెట్టడు. నింద భార్య మోస్తుంది. లోపం భర్తదని తెలిసీ అత్తగారి ముందు నోరు మెదపని ఇల్లాళ్ళు మనమధ్యే ఉన్నారు. అతడి పరిస్థితీ దయనీయమే. ఆమెను ఓదార్చమని అందరూ అతడికి చెబుతారు. అతణ్ణి ఓదార్చేవారుండరు.

ఇద్దరికీ కలిపి ఇచ్చే ఉచిత సలహా ఒకటుంది: "దిగులు మానండి, అదే నిలుస్తుంది." అంటే నిలవకపోతే దిగులుపడిన మీదే తప్పని అర్థం! 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 14 అధ్యయనాలలోని 3,583 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. చికిత్సకు ముందున్న మానసిక ఆందోళన వల్ల ఆ విడత ఫలితం మారడం లేదని తేల్చింది. చికిత్స విఫలమైన ప్రతి స్త్రీకీ ఎవరైనా ఈ మాట చెప్పాలి.

2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం, చికిత్స పర్యవసానాల గురించీ విజయావకాశాల గురించీ దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వడం ఆస్పత్రుల బాధ్యత. అది ఖర్చుల లెక్క చెప్పడంతో ముగిసిపోకూడదు. మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు జరగాలి, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. దాచుకోవలసినంత అరుదైనదేమీ కాదు.

వైద్యులు వాడే 'వంధ్యత్వం' కూడా స్త్రీవాచకమైన 'వంధ్య' నుంచి వచ్చినదే. 'సంతానలేమి'లో ఆడామగా తేడా లేదు, నింద లేదు. రాసేవాళ్ళం కనుక మనమైనా ఆ మాటే వాడదాం. ఎదురింటి కొత్త దంపతులను 'విశేషం' అడగడం కూడా మానుకుందాం. విశేషముంటే వాళ్ళే చెబుతారు.