సున్నా అంటే సున్నాయేనా?

ఏదైనా వెబ్‌సైట్‌ని మొదటిసారి తెరిచినప్పుడు బొమ్మలు ఒక్కొక్కటే నింపాదిగా వస్తాయి. సాయంత్రం అదే సైట్‌ని మళ్లీ తెరిస్తే టక్కున ప్రత్యక్షమవుతుంది. నెట్ వేగం పెరిగిందనుకుంటాం. నిజానికి పొద్దున వచ్చిన బొమ్మల్నీ, ఫాంట్లనీ బ్రౌజర్ మీ కంప్యూటర్లోనే ఓ మూల దాచుకుంది. ఆ మూలనే క్యాష్ అంటారు. పలకడానికి ఒకేలా ఉన్నా, జేబులో ఉండే క్యాష్‌కీ దీనికీ సంబంధం లేదు!

వంటింట్లో డబ్బా నిండా కందిపప్పు ఉంటే కొట్టుకి పరుగెత్తం కదా. బ్రౌజర్ చేసేదీ అదే. చిక్కల్లా లెక్క రాసే దగ్గరే.

తమ పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటోందో సైట్లు తయారుచేసేవాళ్లకు తెలిపేందుకు బ్రౌజర్లో 'రిసోర్స్ టైమింగ్' అనే ఏర్పాటు ఉంది. ఒకరకంగా స్టాప్‌వాచ్ లాంటిది. ఏ ఫైలు ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, నెట్ మీదుగా ఎన్ని బైట్లు వచ్చాయి... అన్నీ నమోదు చేస్తుంది. క్యాష్‌లోంచి నేరుగా తీసిన ఫైలుకు బైట్ల దగ్గర సున్నా వేస్తుంది. సబబే, నెట్ నుంచి ఏమీ రాలేదు. కానీ వేరే సైట్ సర్వర్ నుంచి తెచ్చిన ఫైలు వివరాలు చెప్పడానికి ఆ సర్వర్ అనుమతి ఇవ్వకపోయినా అక్కడ పడేది సున్నాయే! డబ్బాలోది వాడినా, కొట్టువాడు బిల్లు ఇవ్వకపోయినా పద్దులో ఒకటే అంకె అన్నమాట.

ఇంకోటుంది. దాచుకున్న ఫైలు పాతబడిందేమోనని బ్రౌజర్ ఒక్కోసారి సర్వర్ని అడుగుతుంది. 'మారలేదు, ఉన్నదే వాడుకో' అని జవాబొస్తుంది. దాని కోడ్ 304. అప్పుడు లెక్కలో వేసేది 300 బైట్లు. అది కొలిచిన అంకె కాదు, అన్నిటికీ ఒకేలా వేయాలని ప్రమాణంలో రాసుకున్న అంకె. పైగా బైట్లు కొన్నే అయినా, అడిగి జవాబు తెచ్చుకునే సమయం తప్పదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట అసలు ఆలస్యమంతా అక్కడే.

మరి కచ్చితంగా చెబితే పోయేదేముంది? మన గుట్టు పోతుంది. ఒక ఫైలు ఎంత త్వరగా వచ్చిందో కొలిస్తే, మనం అంతకుముందు ఏ సైట్ చూశామో మరో సైట్ కనిపెట్టవచ్చని ఎడ్వర్డ్ ఫెల్టెన్, మైకేల్ ష్నైడర్ అనే పరిశోధకులు 2000లోనే చూపించారు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో 'స్పెక్టర్' అనే లోపం బయటపడ్డాక బ్రౌజర్లు తమ గడియారాల కచ్చితత్వాన్ని కావాలనే తగ్గించాయి. క్యాష్ నుంచి క్షణంలో వచ్చే ఫైళ్ల సమయం సరిగ్గా తేలకపోవడానికి ఇదీ ఓ కారణం. 2020లో వెర్షన్ 86తో క్రోమ్, ఒక సైట్ కోసం దాచింది మరో సైట్‌కి అందకుండా తన క్యాష్‌ని విడివిడి అరలుగా చేయడం మొదలుపెట్టింది.

కాబట్టి లెక్కలోని ఈ మసక మన మంచికే. నష్టం ఎప్పుడంటే, ఆ అంకెల్ని గుడ్డిగా నమ్మినప్పుడు. పదిమంది ఒక సైట్ తెరిచారనుకోండి. తొమ్మిది మందికి క్యాష్ వల్ల 0.2 సెకన్లలో వచ్చింది. కొత్తగా చూసిన పదో మనిషికి 8 సెకన్లు పట్టింది. సగటు 0.98 సెకన్లు. 'ఒక్క సెకను కూడా పట్టట్లేదు' అని సైట్ వాళ్లు సంబరపడతారు. పరీక్ష ఫలితాల కోసం ఫోన్ పట్టుకుని ఎదురుచూసే ఆ పదో పిల్లవాడి అవస్థ సగటులో కలిసిపోతుంది. ఫలితాల పేజీలకు వచ్చేవాళ్లలో చాలామంది కొత్తవాళ్లేనని మరవకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా సొంతంగా సైట్ తయారుచేస్తుంటే ఈ చిట్కా చెప్పండి. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కాలి. నెట్‌వర్క్ విభాగంలో 'డిజేబుల్ క్యాష్' దగ్గర టిక్ పెట్టి, ఆ విభాగం తెరిచి ఉండగానే పేజీని మళ్లీ లోడ్ చేయాలి. కొత్తవాళ్లకు ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. తర్వాత టిక్ తీసి మరోసారి చూడాలి. రెండు అంకెల్నీ విడివిడిగా రాసుకోవాలి. కలిపి సగటు తీయొద్దు!