వారానికి ఒక్కరోజే

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించిన రోజుల్లో రూపుదిద్దుకున్న మందు మెథోట్రెక్సేట్. అది క్యాన్సర్ మీద పోరాటానికి పుట్టింది. 1951లోనే గబ్నర్ అనే వైద్యుడు దాని తోబుట్టువు లాంటి అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడి చూశారు. అయినా ఆ కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు) మెథోట్రెక్సేట్ వాడేందుకు అమెరికాలో అధికారిక అనుమతి వచ్చేసరికి 1988 అయింది. వేళ్లు వంకరపోయి, చెంబు కూడా ఎత్తలేకపోయినవాళ్లను తలచుకుంటే ఆ ఆలస్యం మనసును కలచివేస్తుంది.

ఈ సంచిక ముఖచిత్ర కథనం కీళ్లవాతానికి ఈ మందును వాడే చిన్న మోతాదు గురించే. కొన్ని క్యాన్సర్లకు గ్రాముల లెక్కన ఎక్కించే ఈ మందు, కీళ్లకు సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు చాలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వారానికోసారి వేసుకోవాల్సిన మాత్రను పొరపాటున రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయమని డాక్టరుగారిని అడగండి, మొహమాటపడకండి. గర్భిణులు ఈ మందు వాడకూడదు. రక్తపరీక్షలు మానకండి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఈ మాత్ర వాడుతుంటే, ఈరోజే ఆ డబ్బా తీసి చూడండి.