ప్లే ఆఫ్స్‌కు చేరేది ఎవరు? – కబడ్డీ జోస్యాల కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులకు ప్రొ కబడ్డీ విషయంలో ఒక చిక్కు వున్నది. కుప్పానికి ఒక ప్రక్క కన్నడ సీమ, మరొక ప్రక్క తమిళ సీమ. తెలుగు టైటన్స్ సొంత మైదానంగా ఆడిన విశాఖపట్నం కంటె బెంగుళూరే ఆ వూరికి ఎంతో చేరువ. కనుక 2014లో లీగుతోపాటే పుట్టిన తెలుగు టైటన్స్, బెంగళూరు బుల్స్, 2017లో వచ్చి చేరిన తమిళ్ తలైవాస్ – మూడూ ఇచ్చట పొరుగు జట్లే. వచ్చే సీజన్‌లో ప్లే ఆఫ్స్‌కు ఎవరు చేరుదురన్న ప్రశ్న వచ్చినప్పుడు ముగ్గురు మిత్రులు మూడు పేర్లు చెప్పుటలో వింత లేదు.

అయితే ఈ జోస్యాలకు ఆధారమేమిటి? ఎక్కువమంది చూచేవి మూడు: భాషాభిమానం, వేలంలో పలికిన ధర, నిరుటి స్థానం. మూడింటినీ పరీక్షించి చూడవచ్చును.

ముందుగా ధర సంగతి. 2025 వేలంలో అందరికంటె ఎక్కువ పలికినవాడు ఇరాన్ దేశీయుడైన మహమ్మద్‌రెజా షాద్లూయి. గుజరాత్ జెయింట్స్ అతనికి 2 కోట్ల 23 లక్షలు ఇచ్చినది. అతని తరువాతివాడైన దేవాంక్ దలాల్‌ను బెంగాల్ జట్టు 2 కోట్ల 20 లక్షలకు పైగా పెట్టి కొన్నది. ఆ యేడు మొదటి ఎనిమిది జట్లలో గుజరాత్ లేదు, బెంగాల్ లేదు. టైటన్స్ అనుభవం ఇంకను కటువైనది. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి తెచ్చుకొన్న 2023–24 సీజన్‌లో ఆ జట్టు 22 ఆటలలో గెలిచినవి రెండే, నిలిచినది అట్టడుగున. అతడు వెళ్ళిపోయిన తరువాతనే, 2025లో, విజయ్ మలిక్ నాయకత్వాన అదే జట్టు ప్లే ఆఫ్స్‌లో బెంగళూరును, పాట్నాను ఓడించి ఫైనల్ గుమ్మందాకా వచ్చినది. పుణేరి పల్టన్ చేతిలో 50–45తో ఓడినది గాని, తలదించుకొనవలసిన ఓటమి కాదది. కూతకు వెళ్ళేవాడు ఒక్కడే. కాని అతడు ఔటై బయట కూర్చున్నప్పుడు పట్టు పట్టవలసినవారు ఆరుగురు వుందురు గదా.

నిరుటి స్థానమైనా గట్టి సాక్ష్యమా? 2024 మార్చిలో కప్పు గెలిచిన పుణేరి పల్టన్ ఆ తరువాతి సీజన్‌లో ప్లే ఆఫ్స్‌కే చేరలేదు. 2024లో రెండే ఆటలు గెలిచి కడపట నిలిచిన బెంగళూరు బుల్స్ 2025లో మూడవ స్థానానికి ఎక్కినది.

ఇక భాషాభిమానం. టైటన్స్‌కు 2025లో బలమైన విజయ్ మలిక్, భరత్ హూడా ఇరువురూ హర్యానావారే; శిక్షకుడు కృషన్ కుమార్ హూడా సైతం ఆ రాష్ట్రంవాడే. పైగా భరత్ అంతకుముందు బెంగళూరుకు ఆడినవాడు! పేరు మనది, చెమట వారిది. ఇందులో హర్యానాను ఆడిపోసికొనుటకు ఏమున్నది? అచ్చట గ్రామగ్రామాన పిల్లలకు బరి వున్నది, నేర్పువారున్నారు. మన పాఠశాలల పిల్లలు మట్టిలో కాలు నిలుపుట నేర్తురు. లీగు ఆట జరిగేది మ్యాట్ మీద, బూట్లతో. మట్టిలో గట్టిగా ఊనిన పాదమే మ్యాట్ మీద తడబడును. కుప్పం బాలుని పేరు వేలం పట్టికలో ఎన్నడు వచ్చుననేది, నా దృష్టిలో, ప్లే ఆఫ్స్ జోస్యం కంటె విలువైన ప్రశ్న. దానికి జవాబు మాత్రం పాఠశాల మైదానంలోనే వెదకవలసియున్నది.

జోస్యానికి అందరూ మరచే ఆధారం మరొకటి వున్నది: నిబంధన. 2024లో పన్నెండు జట్లలో ఆరింటికే ప్లే ఆఫ్స్ ప్రవేశం. ఆ యేడు టైటన్స్ 12 ఆటలు గెలిచి, 66 పాయింట్లతో ఏడవదిగా ఆగిపోయినది. ఆరవదైన జైపూర్‌కు 70. 2025లో తలుపు ఎనిమిది జట్లకు తెరచిరి. 18 ఆటలలో ఎనిమిదే గెలిచిన పాట్నా సైతం ఆ తలుపున ప్రవేశించి, పెద్ద జట్లను ముప్పుతిప్పలు పెట్టినది.

గణితోపాధ్యాయులకు ఇది మంచి లెక్క. పన్నెండింటిలో ఎనిమిది చేరునప్పుడు, ఎనిమిది పేర్లు కండ్లు మూసికొని వ్రాసినవానికి కూడా నాలుగైనా తప్పక సరిపోవును. సగటున అయిదింటికి పైగానే సరిపోవును. కనుక ఆరు పేర్లు సరిగా చెప్పినవాడు పెద్ద జోస్యుడేమీ కాడు. ఈ మాట పందెగాండ్రకు రుచింపదు. ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటిని నిషేధిస్తూ చట్టం చేసినది. ఊహ కాగితం మీద వున్నంతవరకే చదువు.

నిబంధన మారకుండా, జట్లు తమ మూలబలాన్ని వదలకుండా వుండునెడల నా పట్టిక ఇది: 2025 విజేత దబాంగ్ ఢిల్లీ, పుణేరి పల్టన్, తెలుగు టైటన్స్, బెంగళూరు బుల్స్, హర్యానా స్టీలర్స్, పాట్నా పైరేట్స్, యూపీ యోధాస్. ఎనిమిదవ పేరు తమిళ్ తలైవాస్ కావలెనని కుప్పంలో కొందరు పట్టుపట్టవచ్చును. నేను మాత్రం జైపూర్ అనియే వ్రాయుచున్నాను.