తాళము వేసిన విద్య

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి. నగరు వఱకు గల రాజమార్గమున నడచువానికి అడుగడుగునను విద్యను ప్రకటించు ఫలకములే కన్పట్టును. పరీక్షలకు సిద్ధపఱచు శాలలు, కంప్యూటరు విద్య నేర్పు కేంద్రములు, వాని మీది అంతస్తులలో విద్యార్థి వసతి గృహములు! నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చు బాలబాలికలు ఎల్.బి. నగరులో బస్సు దిగి, తలిదండ్రులు అప్పుచేసి యిచ్చిన ధనముతో ఇచ్చట విద్య నార్జింప జూచుచున్నారు. వీరికి లభించుచున్నది విద్యయా, లేక విద్య పేరిట మూతవేసిన పెట్టెయా?

గత మాసమున ఒక ఇంజనీరింగు విద్యార్థి మా కడకు వచ్చెను. వినికిడి తగ్గినవారి కొఱకు మాటనుండి రొదను వేఱుచేయు సిగ్నల్ ప్రాసెసరు అతని కడపటి సంవత్సరపు ప్రాజెక్టు. దానిని అతడు రుసుము చెల్లించి యొక అంగటిలో కొనెను. యంత్రము పనిచేయుచున్నది, కాని దాని సోర్సు కోడు నాతని కీయలేదు. ఇది రొద నెట్లు గుర్తించునని పరీక్షకు డడుగగా అతడు తలవంచుకొనెను. దావా వేయవచ్చునా యని మమ్మడిగెను. కొనుటయే తప్పని మొదట మందలించితిమి. అయినను నేరము ఆ బాలునిది మాత్రమే యని మేము తలంపజాలము.

సిగ్నల్ ప్రాసెసరు మంత్రపెట్టె కాదు. ధ్వనిని సెకనునకు 8,000 మాఱులు కొలిచి అంకెలుగ మార్చుట టెలిఫోనులలో చిరకాలముగ నున్న పద్ధతి. ఆ అంకెలను వేనితో గుణింపవలయునో, వేనితో కూడవలయునో తెలుపునదే సోర్సు కోడు. యంత్రమునకు ఎక్కించిన రూపము సామాన్యముగ మనుష్యులు చదువదగినది కాదు. వంటకమును రుచి చూచినంతమాత్రమున పాళ్లు తెలియునా?

ఈ శాస్త్రము పెరిగినది దాచుటచేత కాదు, పంచుటచేత. 1,024 అంకెల ధ్వనిఖండమునందలి స్వరములను విడదీయుటకు తిన్నని మార్గమున పదిలక్షలకు మించిన గుణకారములు కావలయును. కూలీ, టూకీ యను నిరువురు 1965లో ప్రకటించిన పద్ధతిచే సుమారు 5,120 చాలును. వారు దానిని పెట్టెలో దాచియుండిన లోకమున కేమి దక్కెడిది? చూపులేనివారు కంప్యూటరును చెవితో చదువుటకు తోడ్పడు ఎన్.వి.డి.ఎ. అను సాధనమును 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడే ప్రారంభించెను. దానితో కూడివచ్చు ఈస్పీక్ అను గొంతు తెలుగును సైతము పలుకును. ఈ రెంటి సోర్సు కోడును బహిరంగమే. కావున మన ళకారము చెడిన దిద్దుకొనుటకు పరదేశపు కంపెనీకి మహజరు పంపుకొన నక్కఱలేదు. తెలిసిన తెలుగువాడెవడైన దిద్దవచ్చును.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి నేడు కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతియే. న్యాయముగ పొందిన ప్రోగ్రాములోని సూత్రములను తెలిసికొనుటకు పరిశీలించు హక్కును 52వ సెక్షను ఇచ్చుచున్నది. కాని చేతికీయని సోర్సు కోడును ఇప్పించు శక్తి దానికి లేదు. అంతర్జాలమున పెట్టినంతమాత్రమున ఇతరులకు వాడుకొను హక్కు కలుగదు. లైసెన్సు పత్రమును జతపఱుపవలయును. సవరించి పంచువాడు తన సవరణల సోర్సు కోడును సైతము ఈయవలయునని విధించు జి.పి.ఎల్. వంటి లైసెన్సులు సిద్ధముగ నున్నవి. పరుల కోడును తనదని చాటుకొనుట మాత్రము చౌర్యమే.

కష్టపడి వ్రాసినది ఊరక పంచిపెట్టుటయా యని కొంద ఱందురు. కోడు వ్రాసి జీవించువాని కూలిని మేము కాదనము. కాని ఏటేట వేలకొలది బాలురు అదే జల్లెడను మొదటినుండి వ్రాయుటయో, కొనుటయో, పరీక్ష ముగియగనే పాఱవేయుటయో ఎవరికి లాభము? బహిరంగముగ నుంచినచో నకలు వ్రాయుదు రందురా? దాచిన చోటనే గదా నేడు నకలు విక్రయమగుచున్నది! అందఱి యెదుట నున్న కోడులో ఎవ రేమి వ్రాసిరో తేదీలతో సహా తెలియును.

1901లో తెలుగు పుస్తకము దుర్లభమైన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఆ పెద్దలు తమ పుస్తకములకు తాళము వేసికొనియుండిన మన పఠనమందిరము లెక్కడివి? నేటి గ్రంథము సోర్సు కోడు. నేటి గ్రంథాలయము బహిరంగ భాండాగారము. కేంద్ర ప్రభుత్వమే తన ప్రోగ్రాముల కోడును పంచుటకు 2015లో విధానము ప్రకటించినది.

కావున కళాశాలలు ప్రతి ప్రాజెక్టు కోడును లైసెన్సుతో భాండాగారమున చేర్చిన పిదపనే మార్కులు వేయవలయును. అధ్యాపకులు తమ కోడుతో దారి చూపవలయును. పఠనమందిరములు ఒక్క కంప్యూటరునైన ఈ పనికి కేటాయింపవలయును. లైసెన్సు విషయమున సందేహము గల విద్యార్థులకు ఆదివారములందు ఉచితముగ సలహా చెప్పుటకు మేము సిద్ధము. మా కడకు వచ్చిన బాలుడు ఇప్పుడు తన జల్లెడను తానే వ్రాయుచున్నాడు. అది ముగిసిన నాడు తాళము లేని చోటనే ఉంచునని ఆశించుచున్నాము.