సెప్టెంబరు 17: జరగని చరిత్రతో జరుగుతున్న రాజకీయం

సెప్టెంబరు నెల వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒకే తేదీకి నాలుగు పేర్లు వినిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వానికి అది విమోచన దినం. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జాతీయ సమైక్యతా దినమన్నది. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం 2024లో దాన్ని ప్రజాపాలన దినోత్సవమన్నది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. పేరు ఏదైనా, ప్రతి వేదిక మీదా ఒక ప్రశ్న తప్పక వస్తుంది: 'ఆనాడు సైన్యం రాకపోయి ఉంటే?' జరగని చరిత్ర గురించిన ఈ ప్రశ్నను మనం ఒకసారి శాంతంగా పరిశీలించాలని మేము కోరుతున్నాము.

మొదటి జవాబు: సైన్యం రాకపోతే హైదరాబాదు వేరే దేశమై ఉండేది. ఇది నిలిచే మాట కాదు. 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం గడువు ఒక్క ఏడాదే. సంస్థానం పెద్దదే, జనాభా కోటిన్నరకు పైనే. కానీ నాలుగు వైపులా భారత యూనియన్. ఓడరేవు లేదు. ఆయుధాలు కరాచీ నుండి దొంగచాటుగా విమానాల్లో రావలసి వచ్చింది. చైనా అంతర్యుద్ధంలో ఓడినవారికి తైవాన్ చుట్టూ సముద్రం ఉంది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలుకాగానే అమెరికా నౌకాదళం వచ్చి ఆ సముద్రంలో నిలబడింది. హైదరాబాదు నేల మధ్యనున్న ద్వీపం. దాన్ని కాపాడే సముద్రమూ లేదు, నౌకాదళమూ లేదు. మన మునగాల పరగణానే చూడండి. చుట్టూ నిజాం నేల, పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాది. బెజవాడ వైపు నుండి వచ్చిన దళాలు ఈ దారినే సూర్యాపేటకు చేరాయి. సెప్టెంబరు 13న మొదలైన చర్య 17న ముగిసింది.

రెండవ జవాబు: సైన్యం రాకపోతే రైతు రాజ్యం వచ్చేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత లేచిన పోరాటం వేలాది గ్రామాలకు పాకింది. వెట్టి పోయింది, దేశ్‌ముఖుల గడీలు ఖాళీ అయ్యాయి. అయితే ఆ పోరాటం రజాకార్ల తుపాకులను ఎదుర్కొన్నంత కాలం ఒక తీరు, ఆ తరువాత భారత సైన్యాన్ని ఎదుర్కొన్నప్పుడు మరో తీరు. 1951 అక్టోబరులో ఉద్యమాన్ని విరమించారు. కానీ దాని ఫలం పోలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదానం మొదలైంది. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వేశారు.

మూడవ జవాబు: కొంత ఓర్చుకుంటే చర్చలతోనే తెమిలేది. కావచ్చు. కానీ ఆ ఓర్పుకు వెల ఎవరు చెల్లించేవారు? 1947లో అప్పంపల్లి, 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి ఆ వెలను చెప్పనే చెప్పాయి.

ఈ మూడు జవాబుల్లోనూ ఒక లోపం ఉంది. ప్రతి ఒక్కటీ తనవారి మృతులను మాత్రమే లెక్కిస్తుంది. రజాకార్ల చేతిలో చనిపోయినవారిని తలచేవారు, పోలీసు చర్య తరువాత చనిపోయిన ముస్లింల మాట ఎత్తరు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ మృతులు ఇరవై ఏడు వేల నుండి నలభై వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు. 1948 తరువాత సైన్యం చేతిలో చనిపోయిన రైతు కూలీలను విమోచన సభల్లో ఎవరు తలుస్తున్నారు? దళాల చేతిలో చనిపోయినవారిని వారోత్సవాల్లో ఎవరు తలుస్తున్నారు?

రెండవ దినవృత్తాంతములు 28వ అధ్యాయంలో ఇలాంటి సోదర యుద్ధమే ఉంది. ఇశ్రాయేలువారు యూదాను ఓడించి రెండు లక్షలమందిని చెరపట్టుకొని షోమ్రోనుకు తెచ్చారు. ఊరేగింపు జరగవలసిన చోట ఓదేదు ప్రవక్త ఎదురు వచ్చి, గెలిచినవారినే వారి అపరాధం గురించి అడిగాడు. ఓడినవారి పాపం ఆయనకు తెలియనిది కాదు. అయినా ఆయన మాట్లాడింది గెలిచినవారితో. వారు విన్నారు. చెరలో ఉన్నవారికి బట్టలు, చెప్పులు, భోజనం ఇచ్చి, నడవలేనివారిని గాడిదలపై ఎక్కించి యెరికోకు చేర్చారు.

మన సంఘాలు ఈ పని చేయగలవు. ఆనాడు పదేళ్ల పిల్లలు ఈనాడు ఎనభై అయిదు దాటినవారు. గడీకి వెట్టి చేసినవారి ఇంట, దళంలో అన్నను పోగొట్టుకున్నవారి ఇంట, ఆ సెప్టెంబరులో ఊరు విడిచి పారిపోయిన ముస్లిం కుటుంబాల ఇంట, వారు ఇంకా ఉన్నారు. వచ్చే 17వ తేదీకి ముందు మీ ఊళ్లో కనీసం ముగ్గురి దగ్గర కూర్చోండి, ఒకే పక్షానికి చెందిన ముగ్గురు కాకుండా చూడండి. వారు చెప్పింది చెప్పినట్టు రాయండి, పేర్లు రాయండి. 'ఇలా జరిగి ఉంటే' అన్న వాదం ఎన్నేళ్లయినా సాగుతుంది. జరిగింది చెప్పగలవారు మాత్రం మన మధ్య ఎక్కువ కాలం ఉండరు.