హెల్ కొసన నాలుగు ఫిరంగులు

పోలండ్ నౌకాదళపు 31వ తీర ఫిరంగిదళం 1935లో హెల్ ద్వీపకల్పం కొసన సిద్ధమైంది. హెల్ అంటే గ్దాన్‌స్క్ అఖాతానికి అడ్డంగా 35 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నని ఇసుక మేట. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌కు దక్కిన సముద్రతీరమే సుమారు 140 కిలోమీటర్లు. కొత్తగా కట్టుకున్న గ్దీనియా రేవును కాచుకోవాలంటే హెల్ చేతిలో ఉండక తప్పదు.

దళం బలమంతా నాలుగు 152 మిల్లీమీటర్ల ఫిరంగుల్లోనే ఉంది. అవి స్వీడన్‌కు చెందిన బోఫోర్స్ తయారీ. గుండు సుమారు 26 కిలోమీటర్లు వెళ్లేది. కానీ ఫిరంగికి ముందు ఉక్కు డాలు తప్ప నెత్తిన కాంక్రీటు కప్పు లేదు. శత్రువు ఓడల మీదే వస్తాడన్న లెక్కతో కట్టిన స్థావరమది. విమానాన్ని తక్కువ అంచనా వేశారనే చెప్పాలి.

యుద్ధం మొదలయ్యాక, 1939 సెప్టెంబర్ 3న రెండు జర్మన్ డిస్ట్రాయర్లు హెల్ మీదికి వచ్చాయి. దళాధిపతి జ్బిగ్నియెవ్ ప్షిబిషెవ్‌స్కీ ఎదురుకాల్పులు జరిపించాడు. ఒక గుండు లెబెరెఖ్ట్ మాస్ నౌకకు తగిలి నలుగురు చనిపోయారు. రెండు నౌకలూ వెనుదిరిగాయి. అదే రోజు జర్మన్ విమానాలు గ్రిఫ్, విహెర్ అనే రెండు పోలిష్ యుద్ధనౌకలను ముంచేశాయి. తీర దళాలకు సముద్రం మీద ఆసరా పోయింది. సెప్టెంబర్ 19న గ్దీనియా పక్కనున్న ఓక్సివియే కూడా పడిపోయింది. నెలాఖరున ష్లెస్విగ్-హోల్‌స్టైన్, ష్లేసియన్ అనే పాత జర్మన్ యుద్ధనౌకలతో ఈ ఫిరంగులు తలపడ్డాయి. నేల మీదుగా వస్తున్న సైన్యాన్ని ఆపడానికి పోలిష్ సైనికులు టార్పెడోల మందుగుండును పాతి ఇసుక మేటనే పేల్చారు. అయినా అక్టోబర్ 2న రియర్ అడ్మిరల్ యూజెఫ్ ఉన్రుగ్ లొంగిపోక తప్పలేదు. జర్మనీలో పుట్టి, జర్మన్ నౌకాదళంలోనే పనిచేసిన ఆయన, బందీగా ఉన్నన్నాళ్లూ జర్మన్ మాట్లాడనని భీష్మించాడు.

ప్షిబిషెవ్‌స్కీని శత్రువు బతకనిచ్చాడు, సొంత ప్రభుత్వం బతకనివ్వలేదు. కమ్యూనిస్టు పాలకులు గూఢచర్యమనే తప్పుడు కేసు పెట్టి 1952లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. 1956లో నిర్దోషిగా తేల్చినా, సైనిక లాంఛనాలతో సమాధి దక్కింది 2017లోనే.

ఇక హెల్ ఫిరంగుల అసలు లోపం గురి కాదు, కదల్లేకపోవడం. నేటి పోలిష్ నౌకాదళ క్షిపణి దళం ఆ లోపాన్ని దిద్దుకుంది. 2011లో ఏర్పాటైన క్షిపణి డివిజన్‌ను విస్తరించి 2015లో దీన్ని నెలకొల్పారు. నార్వే కంపెనీ కాంగ్స్‌బెర్గ్ తయారుచేసిన దీని క్షిపణులు లారీల మీద తిరుగుతాయి. మరికొన్ని క్షిపణి వ్యవస్థల కోసం పోలండ్ 2023లో అదే కంపెనీతో మళ్లీ ఒప్పందం చేసుకుంది.