తాళం వేసిన ఇల్లు, కొట్టేసిన ఓటు

ఎన్నికలొస్తే చాలు, ఏనాడూ వాడ గడప తొక్కని కాళ్లు మన ఇళ్ల ముందుకొస్తాయి. చేతులు జోడిస్తారు, పిల్లల్ని ఎత్తుకుంటారు, ఫొటో ఉందంటే గంజి కూడా తాగుతారు. కానీ అంతకుముందే, చప్పుడు లేకుండా, ఇంకొకరు మన ఇంటికి రావాలి: ఓటర్ల జాబితా పట్టుకున్న బూత్ లెవెల్ అధికారి. ఆ అధికారి వాడదాకా వచ్చాడా, లేక ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని పెద్దలు చెప్పింది రాసుకుపోయాడా? మన ఓటు ఉంటుందో పోతుందో అక్కడే తేలుతుంది.

పాలమూరు కూలీ బొంబాయి పోతాడు, పుణే పోతాడు. ఇంటికి తాళం పడుతుంది. తాళం చూసి 'ఇల్లు మారారు' అని రాస్తే ఓటు గల్లంతే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం అట్లా చెప్పలేదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన మనిషి ఆ ఊరివాడు కాకుండా పోడని 20వ సెక్షన్ అంటుంది. ఊళ్లో ఉండటం లేదని పేరు కొట్టేయాలంటే ముందు ఆ మనిషి మాట వినాలని 22వ సెక్షన్ అంటుంది. బొంబాయిలో ఇటుకలు మోసేవాడి మాట ఎవరు విన్నారు?

పేరు చేర్చడానికి ఫారం 6, దిద్దడానికి ఫారం 8, తీసేయమనడానికి ఫారం 7. ఈ ఏడో నంబరు మీదే కన్నేసి ఉంచాలి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో పడ్డాయి, పోలీసు కేసులయ్యాయి. అబద్ధపు ఫారం పెట్టినవాడికి 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. 2025లో బీహార్‌లో ఇంటింటి సవరణ జరిగాక ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లూ కారణాలూ బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అడిగేదాకా చెప్పరన్నమాట!

ఇక ఓటడిగేవాళ్ల సంగతి. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు సభలు, ఊరేగింపులు బంద్. పోలింగు రోజు కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓటడగకూడదు. మైకు ఆగిన ఆ రెండు రాత్రులే వాడకు అసలు గండం. నోట్లు, సీసాలు, దేవుడి పటం మీద ఒట్లు. దేవుడి కోపం తగులుతుందని బెదిరించినా, కులంలోంచి వెలేస్తామన్నా 1951 చట్టం 123వ సెక్షన్ ప్రకారం అది అవినీతి చర్యే. ఒట్టు వేశామని కుమిలిపోయే అమ్మలకు ఈ మాట చెప్పండి: తప్పు వేయించినవాడిది. "మావాడికి వేయకపోతే మా చేలోకి పనికి రావద్దు" అని దళితుణ్ణి బెదిరిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఎల్) కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది.

ఈ ఓటు ఎవరి దయా కాదు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు బాబాసాహెబ్ అంటరానివాళ్ల ఓటు కోసం వాదించారు. ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్న రోజులవి.

కార్యకర్తలు ఇప్పుడే కదలాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే జాబితాలో చేర్చడం, తీసేయడం రెండూ ఆగిపోతాయి. జాబితా తెచ్చి వాడ నడుమ చెట్టు కింద పేరుపేరునా బిగ్గరగా చదవండి. వలసపోయినవాళ్ల పేర్లు మరీ జాగ్రత్తగా చూడండి. కొట్టేసిన పేరుకు 24వ సెక్షన్ కింద కలెక్టర్‌కు అప్పీలు ఉంది. ఫారం ఇచ్చినచోట రసీదు అడగండి, ఇచ్చేదాకా కదలొద్దు.